వెంట్రుకలు మొలిచిన అండాశయం

రెండేళ్ల కిందటి మాట. సూరత్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి స్వరూప వచ్చింది. తెలంగాణ నుంచి వలస వచ్చిన కుటుంబం; భర్తది సాంచాల పని, అంటే మరమగ్గాలు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. ఇప్పుడు ఎడమ అండాశయంలో కొబ్బరికాయంత గడ్డ.

"అక్కా, క్యాన్సరైతె అన్నీ తీసేస్తరట గదా. జర ఒక్కటన్న ఉంచుమని చెప్పరాదు," అంటూ ఆపరేషన్ బల్ల మీద కూడా నా చెయ్యి వదల్లేదు. నేను చెబితే వినేదెవరు! అయినా సరేనని తలూపాను.

గడ్డను ఫ్రోజెన్ సెక్షన్‌కు నేనే పట్టుకెళ్లాను. ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి, పలచగా కోసి, మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష అది. జవాబు వచ్చేదాకా రోగి మత్తులోనే ఉంటుంది. మా ల్యాబ్ మేడమ్ కోయగానే నూనెలాంటి జిడ్డు, చిక్కుపడ్డ జుట్టు, ఒక పన్ను! డెర్మాయిడ్ అంటారు ఇలాంటి గడ్డను. చాలావరకు ప్రమాదం లేనిదే. హమ్మయ్య అనుకుని నేను ఫోన్ అందుకోబోయాను.

"రుకో," అంటూ నన్ను ఆపారు మేడమ్. గడ్డ గోడలో ఒకచోట ఆవిడ వేలు ఆగింది. అక్కడ గట్టిగా, పసుపు కలిసిన తెలుపులో ఇంకో గడ్డ ఉంది.

సంగతి చెప్పగానే సర్జన్ నుంచి ఫోన్ మీద ఫోన్. గట్టిగా ఉందంటే క్యాన్సరేమో, అన్నీ తీసేయాలా అని. మేడమ్ తొణకలేదు. ఇంకొన్ని ముక్కలు తీయించి, నిదానంగా చూసి చెప్పారు. "ఇది వేరే జాతి. బ్రెన్నర్ ట్యూమర్. రెండూ ప్రమాదం లేనివే. మిగతావి ముట్టుకోవద్దు." ఒకే అండాశయంలో రెండు జాతుల గడ్డలు! నా సర్వీసులో అదే మొదలు. ఆ నిబ్బరానికి దండం పెట్టాలనిపించింది.

తీసినదాన్ని ఇంటివాళ్లకు చూపించడం మా దగ్గర ఆనవాయితీ. ట్రేలో జుట్టు చూసి స్వరూప అత్త రాజవ్వ గుండెలు బాదుకుంది. "ఎవలో బాణామతి జేసిండ్రు! ఇగ నా కోడలికి పిల్లలేడ అయితరు?"

నాకు ఒళ్లు మండింది. "ఊకో అవ్వా! ఎవలేం జెయ్యలే. పిల్లకు కావాల్సిన జుట్టు, పండ్లు, తోలు అన్నీ తయారుజేసే గుణం ఆడిదాని గుడ్డుకుంటది. గది దారి తప్పి గిట్లయింది. కుడి దిక్కు అండాశయం మంచిగనే ఉన్నది."

రాజవ్వ కళ్లు తుడుచుకుని ట్రేలోకి మళ్లీ వంగి చూసింది.

ఒక జవాబు దొరగ్గానే పని అయిపోయినట్టు కాదని ఆ రోజు మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. రెండో పాఠం సాయంత్రం వార్డులో దొరికింది. స్వరూప కళ్లు తెరిచి, "అక్కా, ఒక్కటన్న ఉంచిండ్రా?" అంది. నేను నోరు తెరిచేలోపే రాజవ్వ కోడలి తల నిమిరింది.

"ఉంచిండ్రు బిడ్డా. దారి తప్పిందే జుట్టు జేసింది, పన్ను జేసింది. సక్కగున్నది పిల్లను జెయ్యదా?"

డెర్మాయిడ్ అని భయపడే ఆడపిల్లలకు ఇప్పుడు నేను చెప్పేది రాజవ్వ మాటే.