లేబుళ్ళు సగంలో తెగిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం మా అమ్మాయి అన్నం తింటూనే ఫోన్ తెర మీద వేలితో ఒకసారి నొక్కి, తన ఆఫీసు సర్వర్‌ను ఆపేసి, మళ్ళీ ముద్ద కలుపుకుంది. నా మనసు మాత్రం ఎన్నో ఏళ్ళ క్రితం నేను పనిచేసిన పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలోని కంప్యూటర్ గదికి, నా తోటికోడలి పక్కకు వెళ్ళిపోయింది.

ఆమెకు అక్కడ ఉద్యోగం నేనే చెప్పి ఇప్పించాను. ఏడాది తిరక్కుండానే, నేను కాగితం చూసి ఒక్కో అక్షరం కొట్టే కమాండ్లను ఆమె చూడకుండా టైపు చేసేది. అక్కడ సార్లు ఆమెనే పిలవడం, ఇంట్లో అత్తయ్య చిన్నకోడలి తెలివిని మెచ్చుకోవడం ఒకే రోజు వింటే, ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో మిగతా యంత్రాలకు చెప్పే సర్వర్ ఒకటి ఉండేది. డ్రమ్ముల మీద అంటించే లేబుళ్ళు కూడా అది పంపిన వరుసలోనే అచ్చయ్యేవి. ఒక మధ్యాహ్నం కరెంటు మరమ్మతు కోసం దాన్ని ఆపమన్నారు. ఆ రోజైనా పేరు నాకు రావాలని, ముందే కుర్చీలో కూర్చుని ఆపే కమాండ్ టైపు చేశాను.

“అక్కా, జెర ఆగు. లేబుళ్ళ పని ఇంక నడుస్తున్నది. అది అయిపోయినంక ఆపుదాం,” అన్నది ఆమె పక్కనుంచి.

“నాకు తెల్వదా?” అని ఎంటర్ కొట్టాను.

నిజంగానే తెలియదు. సగంలో తెగిన పని, సర్వర్ మళ్ళీ లేచాక మొదటినుంచి నడిచి, అచ్చయిన లేబుళ్ళే మళ్ళీ అచ్చయి, ఒకే నంబరు రెండేసి డ్రమ్ములకు పడింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు షిఫ్టు దాటేదాకా నిలబడి ఆ లేబుళ్ళను గోళ్ళతో గీకి తీశారు.

సార్ వచ్చి ఎవరు ఆపిన్రని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆమె, “ఇద్దరం కలిసే ఆపినం సార్,” అన్నది. నేను కాదనలేదు. తిరుగు బస్సులోనూ, ఇంట్లోనూ ఆమె ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది, మంచితనంలోనూ నన్ను దాటిపోయిందని ఇంకా కుళ్ళుకున్నాను.

తర్వాత వేరుపడ్డాం, ఆమె జోగిపేటలో ఇల్లు కట్టుకుంది. మొన్న నేనే ఫోన్ చేసి, ఇన్నేళ్ళకు తప్పు ఒప్పుకుందామని ఆ సంగతి ఎత్తితే, “ఏ లేబుళ్ళక్కా?” అన్నది. మరిచిపోవడం కూడా ఆమెకే చేతనైంది. ఒకే వంటగది, ఒకే బస్సు, ఒకే తెర ఉన్నప్పుడు ఆమె పొడ గిట్టేది కాదు. ఇప్పుడు నెలకోసారి ఆ గొంతు వింటే, ఫోన్ పెట్టేయనీయకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను.