ఆడ అనిందా, ఆట అనిందా

మా పాపకు రెండేళ్లు దాటాయి. ఇంకా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, ఫోనూ టీవీ ఏ తెరా చూపించొద్దు అంది హిందూపురం డాక్టరమ్మ. ఆ రోజే పెనుకొండలో మా ఇంటి టీవీకి దుప్పటి కప్పేశాను.

అప్పుడే ధర్మవరంలో ఉండే మా నాయన తన పాత కంప్యూటర్‌ను హిందూపురంలో ఒక కాలేజీ మ్యూజియానికి ఇచ్చాడు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. చూడటానికి ఒట్టి కీబోర్డు, టీవీకి తగిలిస్తే పనిచేసేది. దాని మీద చీరల అంచులకు గళ్లు గళ్లుగా డిజైన్లు వేసుకునేవాడు. అద్దాల పెట్టెలో పెట్టేముందు చివరిసారి ఆన్ చేస్తారట, పాపను తీసుకురమ్మన్నాడు.

"తెర చూపించొద్దన్నారు నాయనా."

"అది టీవీ మాదిరి కాదు మా. ఊరికే చూస్తే ఏముంటాది దాంట్లో? మనం కొడితేనే పలుకుతాది. అయినా మీ డాక్టరమ్మ ఆడికొచ్చి చూస్తాదా ఏంది?"

వెళ్లాను. నల్లటి తెర మీద తెల్లటి గడి ఒకటి ఆరుతూ వెలుగుతోంది. నాయన ఒళ్లో కూర్చున్న పాప ఒక మీట నొక్కింది. గడి పక్కకు జరిగింది. పాప వేలు చాచి ఏదో అంది.

"వింటివా? 'ఆడ' అనింది! గడి ఆడికి పోయిందంట!" నాయన ఎగిరినంత పని చేశాడు.

"'ఆట' అన్నట్టుంది సార్," అన్నాడు మ్యూజియం చూసుకునే లెక్చరర్.

"ఏదో ఒకటిలేప్పా, మాటే గదా!"

నాకు రెండూ వినిపించాయి. అసలు ఏమైనా విన్నానా అనీ అనిపించింది.

తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది. "మాటలేమైనా వచ్చాయా?"

"వచ్చినట్టుందండి."

"వచ్చినట్టుండటమేంటమ్మా? వచ్చిందా, రాలేదా?"

వచ్చిందంటే తెర ముందు వచ్చిందని చెప్పాలి. రాలేదంటే, నిజంగా వచ్చి ఉంటే? మళ్లీ విని చెబుతానని లేచి, పాపను ఎత్తుకుని నేరుగా మ్యూజియానికి ఆటో ఎక్కాను.

కంప్యూటర్ అద్దాల పెట్టెలో ఉంది. తాకరాదని చీటీ.

"ఒక్కసారి ఆన్ చేస్తారా సార్?" లెక్చరర్‌ను అడిగాను.

"కుదరదమ్మా. పాతది, కాలిపోతే మళ్లీ దొరకదు. ఏం పని?"

మా పాప మాట దాంట్లో ఉండిపోయిందని ఎలా చెప్పను?

పాప అద్దానికి అరచేతులు ఆనించి నిలబడింది. పక్కన కూర్చుని, "గడి యాడుండాది? చెప్పు మా, యాడుండాది?" అని అరిచినట్టే అడిగాను. పాప అద్దం వదిలి నా నోటి వైపు చూసింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. అనబోతోందో, నా అరుపుకు బెదిరిందో తెలియలేదు.

మళ్లీ అడిగాను, ఈసారి మెల్లగా.