జూన్ తొమ్మిదికి రాజమండ్రిలో ఉండాలి

అక్టోబర్ ఏడు, మధ్యాహ్నం రెండూ ఇరవై. పోస్టుకి చేరాను. ఎత్తు పద్నాలుగు వేల ఎనిమిది వందల అడుగులు. చలి మైనస్ ఆరు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. అందులో నాలుగు కిలోలు పుస్తకాలండి. దూరవిద్యలో కట్టిన బీఏ ఆఖరి సంవత్సరం పుస్తకాలు.

అసలు సంగతి చివర్లో చెబుదామనుకున్నా. నోరాగట్లేదు. పాసయ్యానండి! మొన్న బుధవారం పట్టా చేతికొచ్చింది. మా నాన్న వైపు చూసినా, అమ్మ వైపు చూసినా డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదలు. నాన్నది వేలిముద్ర. నేను ఇంటరవ్వగానే పంతొమ్మిదేళ్ళకి ఆర్మీలో చేరిపోయా. ఇప్పుడు ముప్పై ఆరు, పెన్షన్ మీద ఇంటికొచ్చేశా. "ఆ మంచులో కూర్చుని ఎలా చదివావయ్యా" అని అందరూ అడుగుతున్నారు. రామచంద్రపురం బస్సులో కండక్టర్ గారు కూడా అడిగారు. అందుకే ఆ ఏడాది సంగతి రాస్తున్నా. పోస్టు పేరు మాత్రం అడక్కండి, చెప్పకూడదు.

పోస్టంటే మూడు బంకర్లు. రాళ్ళ గోడలు, ఇసక బస్తాలు, పైన రేకులు. లోపల కిరోసిన్ పొయ్యి. మనుషులం పదకొండు మంది. మా అందరికీ పెద్ద సుబేదార్ సాబ్. కొండ ప్రాంతం మనిషి, యాభైకి దగ్గర. ఆయన మాట్లాడేది హిందీ, నేను తెలుగులో రాస్తున్నా. రేడియో సెట్ దగ్గర ఉండే ఆయనది పాలకొల్లు. నా బూట్ల లేసులు విప్పకముందే మొదలెట్టాడు.

"ఏ ఊరండీ?"

"రామచంద్రపురం పక్కనండి."

"తూర్పుగోదావరా! మాది పశ్చిమ. హమ్మయ్య. దెబ్బలాడుకోడానికి ఓ మనిషి దొరికాడు."

నవంబర్ పదికి దారి మూసుకుపోతుంది. మళ్ళీ జూన్ మొదటికి గానీ తెరుచుకోదు. ఉప్పు, అగ్గిపెట్టె, బ్యాటరీ, జ్వరం బిళ్ళ, అన్నీ ముందే రావాలి. అందుకని ప్రతివాడూ తనకేం కావాలో ఓ కాగితం రాసివ్వాలి. అది అన్ని పోస్టుల్లోనూ ఉంటుంది. మా సుబేదార్ సాబ్ రెండో కాగితం కూడా అడిగేవారు. పదేళ్ళ తర్వాత నువ్వెక్కడుంటావు, ఏం చేస్తుంటావు?

"ఏడు నెలల ఉప్పుకి ఇంత ఆలోచిస్తున్నారు. మీ బతుకులకి ఆలోచించరా?" అనేవారు.

నేను రాసిచ్చా: డిగ్రీ పూర్తి చెయ్యాలి, బీఈడీ చెయ్యాలి, సోషల్ మాస్టారు అవ్వాలి. ఐదు నిమిషాల్లో వెనక్కి వచ్చింది.

"ఇది కోరిక. గుడికెళ్ళి చెప్పుకో. నాకు ప్లాన్ కావాలి."

"నేను చర్చికెళ్తాను సాబ్."

"సరే, అక్కడ చెప్పుకో. ప్లాన్ మాత్రం నాకివ్వు."

రెండోసారి నెలల వారీగా రాశా. చదువంతా ఏప్రిల్, మే నెలల్లో పెట్టా. గర్వంగా ఇచ్చా. ఆయన చదివి, "ఏప్రిల్, మే ఎందుకు?" అన్నారు.

"అప్పుడు పనుండదు కదా సాబ్."

బంకరంతా ఘొల్లుమంది. నాకు అర్థం కాలేదు. పాలకొల్లు ఆయన కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "సాబ్, మా వైపు దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలు కట్టేస్తారు, నీళ్ళు ఆపేస్తారు. ఆ రెండు నెలలూ పొలం పనుండదు. ఇల్లు కట్టినా, పెళ్ళి చేసినా అప్పుడే. ఇతను ఆ కేలండర్ ఇక్కడికి మోసుకొచ్చాడు."

నిజమేనండి. చిన్నప్పట్నించీ మా ఇంట్లో ఏ పెద్ద పనైనా కాలవ కట్టాకే. ఆ పోస్టులో ఏప్రిల్, మే అంటే నరకం. మంచు కరిగి రేకులు కారతాయి. గోడలు జారతాయి. పొద్దున్నుంచీ తవ్వడం, మొయ్యడం. అక్కడ కాస్త ఖాళీ దొరికేది చలికాలంలో, అదీ మంచు ఎత్తిపోశాక.

సుబేదార్ సాబ్ నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చివర్నుంచి మొదలెట్టు. పరీక్ష ఎప్పుడు?"

"జూన్ తొమ్మిది. రాజమండ్రిలో."

"తప్పితే?"

"పోస్టింగుల వల్ల ఇప్పటికే రెండుసార్లు తప్పింది సాబ్. ఈసారి తప్పితే నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి."

ఆయన పెన్సిల్ తీశారు. జూన్ తొమ్మిది పరీక్ష. అంటే మూడున పోస్టు దిగాలి. చదువు మార్చి ముప్పై ఒకటికి పూర్తవ్వాలి. నాలుగు పుస్తకాలు, వెయ్యీ ఎనభై పేజీలు. నవంబర్ పదిహేనున మొదలెడితే నూట ముప్పై ఏడు రోజులు. రోజుకి ఎనిమిది పేజీలు. రెండు రోజులు చేతిలో ఉంటాయి. అంతేనండి! మూడేళ్ళుగా కొండలా కనిపించింది కాస్తా రోజుకి ఎనిమిది పేజీలైపోయింది. ఆ సాయంత్రం నాకు ఆకలి కూడా వెయ్యలేదు. ఒకటే సంతోషం.

చదివేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా. వంట బంకర్లో, పొయ్యి పక్కన. జనవరిలో మైనస్ ఇరవై ఎనిమిది. పెన్ను చంకలో పెట్టుకుంటే గానీ రాయదు. పాలకొల్లు ఆయన సెట్ దగ్గర్నుంచే ప్రశ్నలడిగేవాడు.

"మిగులు బడ్జెట్ అంటే ఏంటండీ, బీఏ గారూ?"

"మీ పశ్చిమోళ్ళ దగ్గరుండేది. మా దగ్గర లేనిది."

"సున్నా మార్కులు. కూర్చోండి."

మార్చి ఇరవై తొమ్మిదికి వెయ్యీ ఎనభయ్యో పేజీ అయిపోయింది. వంటాయన నా టీలో రెండు చెంచాలు పంచదార ఎక్కువేశాడు.

మే ఇరవై తొమ్మిదిన మంచు మొదలైంది. ఆ రోజుల్లో పడకూడని మంచు. మూడు రోజులు పడింది. నాలుగు అడుగులు. జూన్ ఒకటి, ఉదయం ఏడున్నరకి రేడియో.

"రూట్ క్లోజ్. కింద నుంచి తవ్వే పార్టీ ఏడో తారీఖు బయల్దేరుతుంది. అప్పటిదాకా ఎవరూ కదలొద్దు. ఓవర్."

ఏడున దారి తెరిస్తే తొమ్మిదికి రాజమండ్రి ఎక్కడండీ? రెండు రోజులు రైలే. పుస్తకాలు ట్రంకు పెట్టెలో సర్దడం మొదలెట్టా. పాలకొల్లు ఆయన వచ్చి పెట్టె మూత పట్టుకున్నాడు.

సుబేదార్ సాబ్ గోడకి అంటించిన నా ప్లాన్ దగ్గరికెళ్ళారు.

"ఇందులో 'మంచు పడితే' అన్న లైను ఏదీ?"

"లేదు సాబ్."

"అదే రాయాలి ముందు." జేబులోంచి తన డైరీ తీశారు. నా పేరు మీద ఓ పేజీ ఉంది. అడుగున నవంబర్లో రాసిన ఒకే లైను: మంచు పడితే, పైనుంచి మనమే తవ్వాలి, రెండు రోజులు.

ఆయన సెట్ అందుకున్నారు.

"దారి మలుపు దాకా ఆరు వందల మీటర్లు, ఆ కింద మంచు తక్కువ. పైనుంచి మేం తెరుస్తాం. అనుమతి కావాలి. ఓవర్."

పావుగంట. మళ్ళీ రేడియో.

"అనుమతి ఇచ్చాం. మూడో తారీఖు ఉదయం తొమ్మిది లోపు మలుపు కింద లోయ దాటాలి. ఎండెక్కితే మంచు జారుతుంది. మలుపు దగ్గరికి మావాళ్ళు ఎదురొస్తారు. ఓవర్."

నేను పార అందుకోబోయా. సుబేదార్ సాబ్ లాక్కున్నారు. "నువ్వు తవ్వొద్దు. కూర్చుని చదువు. ఇది ఆర్డర్."

మూడున దిగా. ఎనిమిదీ నలభైకి లోయ దాటా. ట్రక్కు, బస్సు, రైలు. ఎనిమిదో తారీఖు సాయంత్రం రాజమండ్రి స్టేషన్. నలభై ఒక్క డిగ్రీల ఎండ. పెదాలు పగిలి, ముక్కు మీద తోలు లేచి ఉంది. మర్నాడు పరీక్ష హాల్లో ఓ కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"సార్, పేపర్లు మీరే ఇస్తారా?"

"లేదమ్మా. నీ వెనక బెంచీ నాది."

నాలుగు పేపర్లూ రాశా. మళ్ళీ పైకెళ్ళి అక్టోబర్ దాకా అక్కడి డ్యూటీ పూర్తి చేశా. డిసెంబర్లో ఇంటికొచ్చేశా. మొన్న కవరొచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు నా పేరు చదివారు. మా అమ్మ ఆ పట్టా అట్ట మీద పెట్టి, "లామినేషన్ చేయించుకొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. నువ్వు కూడా ముట్టుకోకు, చేపల చెయ్యి" అంది. బీఈడీ ఎంట్రన్స్‌కి అప్లై చేసేశా. ముప్పై తొమ్మిదికి బీఈడీ, నలభై ఒకటికి ఉద్యోగం. ఈ ప్లాన్ రాసి బీరువా తలుపు మీద అంటించా. "మంచు పడితే" అన్న లైను అన్నిటికన్నా పైన రాశా. మా ఆవిడ నవ్వుతోంది, రామచంద్రపురంలో మంచేంటండీ అని.

పట్టా చూసినప్పుడల్లా ఆ జూన్ మూడు పొద్దున్న ఐదూ పది కళ్ళ ముందుకొస్తుంది. బంకర్ తలుపు తీసుకుని బయటికొచ్చా. ఎదురుగా దారి. నడుమెత్తు లోతు, ఒక మనిషి పట్టేంత వెడల్పు. రెండు పక్కలా నీలంగా మెరుస్తున్న మంచు గోడలు. దూరంగా, మలుపుకి ఇంకా ముప్పై మీటర్లుందనగా, ఎనిమిది మంది వరసగా వంగి తవ్వుతున్నారు. వీపుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఒక్కరూ వెనక్కి చూడట్లేదు. పారలేమో ఏడే. ఎనిమిదో మనిషి మా వంటాయన. అన్నం గిన్నె మూత రెండు చేతులా పట్టుకుని, మంచు ఎత్తి పక్కకి పోస్తున్నాడు.