వెరిఫై చెయ్యని రిటర్ను

పుదుచ్చేరిలో కదిర్కామం బస్సెక్కి, జీతంలో ఎక్కువగా కోసిన పన్ను ఇంకా తిరిగి రాలేదని ఫోనులో పన్ను శాఖ పేజీ తెరిచి ఫిర్యాదు రాస్తున్నాను. రిటర్ను వెయ్యడం అదే మొదలు. పక్కన ఖాళీ చేపల బుట్టతో కూర్చున్నావిడ తొంగిచూసి, పేజీలో 'వెరిఫై కాలేదు' అని ఉన్నది చదివి నవ్వింది.

"ఏంది అన్నా, వెరిఫై చెయ్యకుంటే రిఫండు యాడ వస్తాది? ముప్పై దినాల్లో ఓటీపీ కొట్టాల. మా ఆయనకి నేనే చేసినా."

రిటర్ను వేసి అది ఇరవై తొమ్మిదో రోజు. నలుగురిలో నవ్విందని ఒళ్లు మండింది.

"చేపలమ్ముకునేదానివి, నాకు చెప్పొచ్చావా?"

"సరే సార్," అని ఒర్లియంపేటలో దిగిపోయింది.

పంతంతో వారం దాకా ఆ పేజీ తెరవలేదు. తెరిచేసరికి గడువు దాటి, నా రిటర్ను వెయ్యనట్టే లెక్క. ఆలస్య రుసుము కట్టి మళ్లీ వేస్తే డబ్బయితే వచ్చింది.

నన్ను ఎవరేమన్నారో అన్నీ గుర్తుంటాయి నాకు. నేను అన్నవాటిలో మాత్రం ఇదొక్కటే. అన్నా అని పిలిచిన మనిషి చేత సార్ అనిపించుకున్నాను.