వెదురు వంతెనకి రెండంగుళాల మేకు

రైలు వంతెనలు కూలిన వార్తలు మీరు పేపర్లో చదివే ఉంటారు. నేను కూల్చిన వంతెన సంగతి మాత్రం ఏ పేపరూ వెయ్యలేదు. ఇంజనూ, ఐదు వ్యాగన్ల ఇనప రాయీ, వెనక గార్డు పెట్టే అన్నీ ఒక్కసారిగా లోయలో పడ్డాయి. అదీ ఒక పెద్ద ఇంజనీరుగారి కళ్ళెదుట. ప్రాణనష్టం ఏమీ లేదు. కనీసం నా ప్రాణమైనా పోయుంటే బాగుండునని ఆ రోజు అనిపించింది కానీ, అలాంటి సదుపాయాలు మన చేతిలో ఉండవు కదా.

కంగారు పడకండి. ఆ లోయ లోతు రెండు జానలు. అందులో పారే నది నీలం రంగు పూసిన అద్దం ముక్క.

అవి తొంభైల నడిమి రోజులు. విశాఖ నుంచి కొండలెక్కే రైలు లైన్లో, టైడా స్టేషనుకి ఎగువన, రెండు సొరంగాల మధ్య, కొండకి అంటించి మరిచిపోయినట్టుండే ఒక చిన్న స్టేషన్లో నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ని. దిగేవాళ్ళు తక్కువ, ఎక్కేవాళ్ళు ఇంకా తక్కువ. ఎగువ గనుల నుంచి ఇనప రాయి నింపుకున్న గూడ్సు బళ్ళు దిగుతాయి, దిగువ నుంచి ఖాళీవి ఎక్కుతాయి. వాటికి జెండా ఊపడమే నా బతుకు. వానాకాలం నాలుగు నెలలూ మంచు ప్లాట్‌ఫారం మీదే కాపురం పెడుతుంది. బట్టలారవు. ఉప్పు నీరైపోతుంది. మనిషి మనసుకి కూడా బూజు పడుతుంది. అలాంటి చోట కొందరు సీసా పట్టుకుంటారు, కొందరు దేవుణ్ణి పట్టుకుంటారు. నేను బొమ్మ రైలు పట్టుకున్నాను.

స్టేషన్ చివర దీపాల గది అని ఒకటుండేది. కిరసనాయిలు దీపాల కాలం పోయాక ఖాళీగా పడుంది. అందులో రెండు బల్లలు కలిపి, వాటి మీద మా లైనుని దించాను. గోనెసంచులు సున్నంలో ముంచి ఆరబెడితే కొండలు. (ఆరడానికి ఇరవై రోజులు.) కాఫీ గింజల పొట్టు చల్లితే నేల. విరిగిన గొట్టం ముక్కలు పెడితే సొరంగాలు. ఇంజను జర్మనీ నుంచి తెప్పించానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. విశాఖలో ఫుట్‌పాత్ మీద కొన్నాను. రెండు బ్యాటరీలేస్తే నడుస్తుంది, రెండు మొట్టికాయలు కూడా వేస్తే బాగా నడుస్తుంది.

ఇక వంతెనలు. ఆ బల్ల మీద నేను నలభై వంతెనలు కట్టాను.

సరే, నలభై కాదు, మూడు. వయసు మీదపడితే మనుషులకే కాదు, అంకెలకీ ఒళ్ళొస్తుంది. ఆ మూడిట్లో రెండు అట్టముక్కలవి. తేమకి మెత్తబడి తడి అప్పడాల్లా వేలాడాయి. మూడోదాని సంగతే ఈ కథ. ఈ లెక్క ముందుముందు ఇంకా తగ్గుతుంది, ఓపిక పట్టండి.

మా ఆవిడ సుభద్ర అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి చూసేది.

"ఏటండీ ఇది?"

"వంతెన."

"పెరటి కాలవ మీద పలక ఊగుతోంది. రెండుసార్లు జారిపడ్డాను. అది కట్టడానికి చేతులు రావు గానీ, చీమలకి వంతెనలా!"

"కళ నీకు అర్థం కాదులే."

"నడుం నొప్పి బాగా అర్థమవుతోంది."

వంతెన ఎలా నిలబెట్టాలో తెలీక నేను జుట్టు పీక్కుంటున్న ఆ రోజుల్లో (అప్పుడు ఉండేది) గాసన్న వచ్చాడు. గాసన్న మా కీమేన్. రోజూ పొద్దున్నే భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలు బిగించుకుంటూ పోవడం ఆయన పని. పక్క కొండ మీది ఊరివాడు. ఆయన నడిచే దారిలోనే మా అసలు పెద్ద వంతెన ఉంది. దాని మీంచి కిందికి చూస్తే చెట్లు కొత్తిమీర కట్టల్లా కనబడతాయి. పాతికేళ్ళుగా రోజుకి రెండుసార్లు దాన్ని దాటుతున్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయి.

ఆ వానల్లో ఒక రోజు వంతెన నడిమధ్యలో ఉండగా వెనక సొరంగంలోంచి గూడ్సు వచ్చింది. బండి వస్తే తప్పుకోడానికి వంతెన పక్కన అక్కడక్కడ చిన్న అరుగులుంటాయి. వయసులో అయితే పది అంగల్లో చేరేవాడు. ఆ రోజు పాక్కుంటూ చేరాడు. ఒక చెప్పు లోయలో పడిపోయింది. రెండోది చేత్తో పట్టుకుని, తడిసి ముద్దై, నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఈపాలి సెప్పు పోనాది. మల్లీపాలి నాను పోతాను."

స్టేషన్లోనే నీళ్ళు పట్టే పనో, కాపలా పనో ఇప్పించమని ఆయన కోరిక. అది నా చేతిలో లేదు, ఏటా తనిఖీకొచ్చే పెద్ద ఇంజనీరుగారి చేతిలో ఉంది. ఆయనకి వంతెనలంటే ప్రాణమని విన్నాను. వెంటనే నా బుర్రలో బల్బు వెలిగింది.

"గాసన్నా, నువ్వు ఈ బొమ్మ వంతెన కట్టిపెట్టు. ఆయన చూసి, ఎవరు కట్టారని అడుగుతారు. ఇదిగో సార్, ఈ చేతులే. ఈ చేతులు బాగానే ఉన్నాయి, మోకాళ్ళే పోయాయి, స్టేషన్లో పనివ్వండి అని నేను చెప్తాను. అంతే."

"నిజంగా సెప్తావా బాబూ?" కొండ మీద ఎవరినైనా నువ్వనే అంటారు. అందులో అగౌరవం లేదు, తేడా పాటించకపోవడమే ఉంది.

"నా మాటంటే రైలు పట్టా అనుకో."

"పట్టాలు వంగుతాయి బాబూ. నాను రోజూ సూత్తన్నాను."

అయినా కట్టాడు. ఎండు వెదురు తెచ్చి, పుల్లలుగా చీల్చి, అడ్డతీగ నార నానబెట్టి, ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు. మేకు లేదు, జిగురు లేదు. వాళ్ళ ఇళ్ళూ, అటకలూ, దడులూ అన్నీ అంతే. వెదురుని కడతారు, కొట్టరు. ఆయన పని చేస్తుంటే నేను దగ్గరుండి పర్యవేక్షించాను. అంటే కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాను.

పది రోజుల్లో ఐదు స్తంభాల మీద వంతెన లేచింది. నేను దానికి వెండి రంగు వేశాను. అదీ నా వంతు ఇంజనీరింగు. పరీక్ష కోసం గాసన్న మా ఇంట్లోంచి రుబ్బురోటి పొత్రం తెచ్చి దాని నడుమ పెట్టి రెండు రోజులుంచాడు. వంతెన మూలగలేదు. మూలిగింది సుభద్ర.

"రెండు రోజులై ఇంట్లో పచ్చడి లేదు. పొత్రం ఏదండీ?"

"బ్రిడ్జి మీదుంది."

"ఈ మాట బయట అనకండి. నన్ను చూసి జాలిపడతారు."

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాణ్ణి. కానీ చెమట ఒకడిది, సోకు ఒకడిది అన్నారు కదా. ఎవరూ అనకపోతే నేనే అంటున్నాను. వంతెన చూడటానికి గార్డులొచ్చారు, కింది ఊరి టీచర్లొచ్చారు. "ఎవరు కట్టారు మాస్టారూ?" అంటే మొదటి వారం "గాసన్న" అన్నాను. రెండో వారం "గాసన్నా, నేనూ" అన్నాను. మూడో వారం "నేనే, గాసన్న కాస్త పట్టుకున్నాడు." నాలుగో వారానికి గాసన్న వంతెన దిగి ఎటో వెళ్ళిపోయాడు, నేనొక్కణ్ణే మిగిలాను. అబద్ధం ఊరగాయ లాంటిది. నాలుగు వారాలు ఊరితే నిజం రుచి వచ్చేస్తుంది.

తనిఖీకి ముందు రోజు నాకు ఇంకో బుద్ధి పుట్టింది. ప్రతి వంతెనకీ ఒక పలకుండాలి కదా. డబ్బా రేకు కత్తిరించి, పసుపు రంగు పూసి, 'నిర్మాత' అని నల్లగా రాసి, కింద నా పేరు పెట్టాను. స్టేషన్ బోర్డుల అలవాటు కొద్దీ మూడు భాషల్లో రాశాను. దాంతో పలక వంతెనలో సగమైంది. అంత పలక నిలవాలంటే రెండంగుళాల మేకు కావాలి.

అప్పుడే గాసన్న డ్యూటీ నుంచి వచ్చాడు. పలక తీసుకుని తెలుగు వరకూ మెల్లగా చదివాడు. తన పేరు వెనకవైపుందేమోనని తిప్పి చూశాడు. లేదు. పలక బల్ల మీద పెట్టాడు. మేకు గురించే అన్నాడు.

"బాబూ, వెదురుకి మేకు కొట్టకు. సీలిపోతాది. నార నానేసి రేప్పొద్దున్నే కట్టేత్తాను."

"పేరుని కట్టేస్తారేమిటయ్యా, గేదెనా?"

"కడితే గేదైనా నిలుత్తాది, పేరైనా నిలుత్తాది."

ఆయన వెళ్ళాడు. నేను కొట్టాను. మూడో దెబ్బకి 'చిట్' మంది. మధ్య స్తంభం మీద పైనుంచి కిందికి సన్నని గీత పడింది. ఆ గీత మీద నేను వెండి రంగు పూశాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో సుభద్రకి కూడా చెప్పలేదు. ఇప్పుడు మీతో పాటే చదివి తెలుసుకుంటుంది కాబోలు.

మర్నాడు జడివాన. ఇంజనీరుగారు గొడుగు కిందే స్టేషనంతా చూసి దీపాల గదిలోకొచ్చారు. సుభద్ర టీ పట్టుకుని నిలబడింది. గాసన్న ఉతికిన చొక్కా వేసుకుని, ఒంటి చెప్పుకి జత లేక వట్టి కాళ్ళతో, తలుపు పక్కన నిలబడ్డాడు.

"అబ్బో! ఎవరు కట్టారండీ ఇది?"

ఆ ఒక్క ప్రశ్న కోసం కట్టిన వంతెన అది. గాసన్న రెండు చేతులూ ముందుకి తెచ్చుకున్నాడు, చూపించడానికి వీలుగా.

"నేనే సార్," అన్నాను.

"ఒక్కరేనా?"

"ఈ రెండు చేతులతో సార్."

గాసన్న చేతులు మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాయి. సుభద్ర దగ్గింది. అంతటి దగ్గు ఇరవై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ వినలేదు. అయినా నా చెవికి ఎక్కలేదు.

"నడిపించండి చూద్దాం."

"లోడుతోనే నడిపిస్తాను సార్!" పట్టాల పక్కన ఏరిన అసలు సిసలు ఇనప రాయి రేకు వ్యాగన్లలో నింపి, ఇంజనుకి రెండు మొట్టికాయలు వేసి, కొండమీంచి వదిలాను. ఆ బరువంతా కలిపినా పొత్రంలో సగం లేదు. సొరంగం దాటింది. వంతెనెక్కింది. మొదటి స్తంభం. రెండోది. మూడోది...

'చిట్'.

మధ్య స్తంభం పెసరకాయలా రెండుగా విచ్చుకుంది. నా పేరు ముందు ఒరిగింది, దాని వెనక ఇంజను, దాని వెనక వ్యాగన్లు వరసగా, సంతకెళ్ళే మేకల్లా, లోయలోకి దిగాయి. నది పగిలింది. ఇంజను వెల్లకిలా పడి చక్రాలు తిప్పుతూనే ఉంది.

"అరెరే! ఏమైందండీ?" అన్నారు ఇంజనీరుగారు.

నేనేమన్నానో తెలుసా?

"నేను కట్టలేదు సార్! గాసన్న కట్టాడు!"

చూడండి, నాలుగు వారాల తర్వాత మొదటిసారి నిజం చెప్పాను. కానీ నిజానికీ టైం టేబులుంటుంది. లేటుగా వచ్చిన నిజాన్ని అబద్ధం ప్లాట్‌ఫారం మీదే దింపుతారు.

ఆయన వంగి, నదిలోంచి చీలిన స్తంభాన్ని బయటికి తీశారు. దానికి మేకుంది. మేకుకి పలకుంది.

"ఇక్కడ మీ పేరుందే మరి," అన్నారు. "మూడు భాషల్లో."

ఆయనెక్కి వెళ్ళే తనిఖీ ట్రాలీ పట్టాల మీద సిద్ధంగా ఉందని ఎవరో వచ్చి చెప్పారు. ఆయన నవ్వుకుంటూ గుమ్మం దాటి, గాసన్న భుజం తట్టి, "బొమ్మది పోతే పోయింది, అసలు వంతెన జాగ్రత్తగా చూసుకోవయ్యా" అని వెళ్ళిపోయారు. నేను నోరు తెరిచేసరికి ట్రాలీ సొరంగంలో ఉంది.

గాసన్న కింద కూర్చుని ముక్కలేరాడు. మిగతా నాలుగు స్తంభాలూ నిలబడే ఉన్నాయి. ఒక్క ముడి జారలేదు. మేకు ఊడబీకి నా అరచేతిలో పెట్టాడు.

"ఇనప రాయి బరువుకి కూలనేదు బాబూ. నీ పేరు బరువుకి కూలినాది."

కోపంగా అనలేదు. పట్టా వదులైందని చెప్పినట్టు చెప్పాడు. సుత్తి భుజానేసుకుని మధ్యాహ్నం నడకకి వెళ్ళిపోయాడు. వాన ఇంకా కురుస్తూనే ఉంది.

తర్వాత నేను అర్జీలు రాశాను. ఆయన మోకాళ్ళలాగే నా అర్జీలూ కొండ దిగలేకపోయాయి. ఇంకో రెండు వానాకాలాలు గాసన్న ఆ వంతెన దాటాడు. ఆయన దాని మీదున్న వేళ బండి వస్తే, ఆయన తిరిగి కనబడేదాకా జెండా చుట్టకుండా ప్లాట్‌ఫారం చివరే నిలబడేవాణ్ణి. రిటైరైన రోజు స్టేషన్లోకి దిగొచ్చాడు. ముందు ఆయన కాళ్ళకేసి చూశాను. రెండు చెప్పులూ ఉన్నాయి. నా ఉద్యోగంలో నేనందుకున్న మంచి వార్త అదొక్కటే.

ఆ రోజు ఆయన్ని బతిమాలి ముడి వెయ్యడం నేర్చుకున్నాను. పెరటి కాలవ మీద వెదురు కట్టాను. సుభద్ర కాలుపెట్టి, తొక్కి చూసి, దాటింది. కాబట్టి అసలు లెక్క ఇది: నేను కట్టగా నిలిచిన వంతెనలు నలభై కాదు, మూడు కాదు, ఒకటి. పొడవు నాలుగడుగులు. పలక లేదు.

అంచేత, వాన సాక్షిగా, పొత్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో వెదురుకి గానీ, ఇంకొకరి చెమటకి గానీ నా పేరు మేకుతో కొట్టను. ఈ కథ కింద కూడా పేరు పెట్టొద్దని సుభద్ర అంటోంది. పెట్టను. మరీ తప్పదంటే నారతో కడతాను. అదీ ఒక్క భాషలోనే.