విన్కా వదిన పరుగు

మా దీవిలో వేసవి ఎప్పుడు పోతుందో తెలుసుకోవడానికి కాలెండరు అక్కర్లేదు. ఆగస్టు చివర్లో వచ్చే పునీత బర్తొలోమయి పండుగ దాటిన నాలుగు రోజులకు తెల్లవారుజామున గోడరాయి చల్లబడుతుంది. మధ్యాహ్నం మళ్ళీ ఎండ కాస్తుంది గాని దానికి వెనకటి పొగరు ఉండదు. ఆడవాళ్ళు అంజూరపండ్లు కోసి వాకిట్లో రెల్లు తడికల మీద ఆరబెడతారు. ఆ తీపికి కందిరీగలు వస్తాయి. మా కందిరీగలు మామూలువి కావు. మా తాత కాలంలో ఒకటి గాడిద ఎడమచెవిలో దూరి కుడిచెవిలోంచి బయటికి వచ్చిందనీ, ఆ గాడిద మళ్ళీ ఎవరి మాటా వినలేదనీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే.

విన్కా నాకు వదిన. మా పెదనాన్న కొడుకు కుజ్మా భార్య. పంతొమ్మిదేళ్ళప్పుడు కొండ అవతలి ఊరి నుంచి కంచరగాడిద మీద పెట్టె వేసుకుని, తను దాని పక్కన నడుస్తూ కాపురానికి వచ్చింది. అంజూరలు ఆరబెట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా తీరంలో లేరు. పండును చీల్చి, సోంపు గింజలు అద్ది, అరచేత్తో ఒక్కసారి నొక్కేది. రెండోసారి నొక్కితే పండు ఏడుస్తుందనేది. మాటకు పదును ఎక్కువ. అయితే తప్పు తనదని తెలిస్తే ఎదుటివాడు అనకముందే ఒప్పుకునేది. ఒకసారి తన ద్రాక్షతీగలు పక్కింటి మేక తినేసిందని దుమె పిన్నితో వారం రోజులు పోట్లాడింది. తిన్నది తన మేకేనని తేలాక ఆదివారం గుడి బయట, ఊరంతా చూస్తుండగా, పిన్ని చేతులు పట్టుకుని క్షమించమంది. ఎదుటివాడిది తప్పని నమ్మిందా, ఇక చచ్చినా వదలదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ద్రాక్షకోతల రోజుల్లో కుజ్మా అన్నకు మణికట్టు మీద కందిరీగ కుట్టింది. మాకందరికీ ఏటా పది కుడతాయి. ఉల్లిపాయ రుద్దుకుని పని చూసుకుంటాం. అన్న మాత్రం ద్రాక్షరసం తీసే గానుగ పక్కనే కూలిపోయాడు. పెదవులు వాచి, ఊపిరి ఈలలా వచ్చింది. అదృష్టం కొద్దీ డాక్టర్ లూక్షిచ్ గారు ఆ రోజే సముద్రం అవతలి స్ప్లిట్ పట్నం నుంచి స్టీమరులో వచ్చి ఉన్నారు. సూది వేసి బతికించారు. వెళ్తూ వదినను పక్కకు పిలిచారు.

"మళ్ళీ కుడితే పావుగంటమ్మా. ఆ లోపల సూది పడాలి. దాటితే నేనున్నా లాభం లేదు."

మందు, గాజు సిరంజి కొండమీది కన్యస్త్రీల మఠంలో సిస్టర్ స్కొలాస్తికా దగ్గర ఉంచారు. ఊళ్ళో సూది వేయగలిగింది ఆమె ఒక్కతే. వదిన నిమ్మకాయ మీద నేర్చుకోవాలని చూసింది గాని, మొగుడి చెయ్యి చూడగానే వేళ్ళు వణికేవి. ఊళ్ళో టెలిఫోను లేదు. కోతల రోజుల్లో కాళ్ళున్నవాళ్ళెవరూ ఊళ్ళో ఉండరు. మిగిలేది నేను. నా ఎడమకాలు యుద్ధంలో పోయింది. ఎలా పోయిందో పదకొండు కథలున్నాయి, మనిషిని బట్టి చెబుతాను.

మరుసటి సెప్టెంబరుకు వదిన అన్నను స్ప్లిట్‌లో తన చెల్లెలి ఇంటికి పంపేసింది. నాలుగో అంతస్తు, కింద ట్రాములాగా చప్పుడు చేసే లారీలు. అన్న మా ఊరి గానుగ దగ్గర పాడేవాడు. ఆయన గొంతు ఎత్తితేనే కోత మొదలైనట్టు లెక్క. నెలన్నర తర్వాత బక్కచిక్కి, పసుపుపచ్చగా తిరిగొచ్చాడు. వచ్చిన వారం దాకా నోరు విప్పలేదు. అది చూసి వదిన ఒక ఒప్పందం పెట్టింది.

"ఇక్కడే ఉండు. కానీ ఏటా బర్తొలోమయి పండుగ నాడు నేను మఠానికి పరుగెత్తుతా. సిస్టరమ్మ దిగొచ్చి నీ భుజం ముట్టుకునేదాకా మరిది గడియారం చూస్తాడు. పావుగంట దాటిన ఏడాది నుంచి సెప్టెంబరు వస్తే నువ్వు స్ప్లిట్‌లోనే."

అలా మొదలైంది. అన్న రాతి అరుగు మీద పడుకుని చావు నటించేవాడు. నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేసి, "పోతున్నానురా యాకొవ్, నా బూట్లు నువ్వే తీసుకో" అనేవాడు.

"రెండూ ఎందుకన్నా, ఒకటి చాలు."

వదిన తలగుడ్డ బిగించి మెట్లెక్కేది. గుమ్మంలో కూర్చున్న దుమె పిన్ని ఊరుకునేదా.

"ఏమే విన్కా, మఠంలో చేరిపోతున్నావా? మొగుడు పాతబడ్డాడా?"

"పాతబడాలనే పిన్నీ ఈ పరుగు."

కాసేపటికి సిస్టరమ్మ రేకుపెట్టె చంకన పెట్టుకుని, అంగీ ఒక చేత్తో ఎత్తిపట్టుకుని దిగివచ్చేది. చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ఒక్కో అబద్ధానికి పది మంగళవార్త జపాలు వేసేది. అలా మా బడి మొత్తంలోకి ఎక్కువ ప్రార్థన చేసిన విద్యార్థిని నేనే. ఆమె అన్న భుజం గట్టిగా గిల్లి, "చచ్చినవాడు నవ్వకూడదు కుజ్మా" అనేది. మొదటి ఏడు తొమ్మిది నిమిషాలు పట్టింది.

సెప్టెంబరు పొడుగునా వదిన తెల్లవారకముందే లేచి వాకిటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేది. రాయి చల్లగా ఉన్నంతసేపు కందిరీగలు కొయ్యబారి ఉంటాయి. "వెళ్ళు" అనేది. అన్న తోటకు పోయి పాడుకుంటూ రెండు బుట్టలు కోసేవాడు. రాయి వెచ్చబడగానే ఆమె గుమ్మంలోంచి కేకేసేది. ఆయన వచ్చి, పలచటి గుడ్డ కట్టిన కిటికీ వెనక కూర్చునేవాడు. ఇంటి చుట్టూ ఏ రాతిసందులో, ఏ చూరు కింద గూడు పెట్టినా ఆమె కనిపెట్టి పొగపెట్టేది. అలా పదిహేనేళ్ళు కాపాడింది. ఈలోపు పరుగు సమయం తొమ్మిది నిమిషాల నుంచి పదకొండయింది, పదకొండు పదమూడయింది. ఆమె మోకాలు అరిగింది. సిస్టరమ్మకు కూడా వయసు మీదపడింది.

పదహారో ఏడు పండుగకు ముందు తెల్లవారుజామున తోటలో అన్న నా పక్కన కూర్చున్నాడు.

"ఒరే యాకొవ్, పుట్టిన దగ్గర్నుంచీ అబద్ధాలాడుతున్నావు. పనికొచ్చేది ఒక్కటి ఆడరా."

"ఏమని?"

"పావుగంట దాటితే, దాటలేదని."

"దాటాక కుడితే పోతావన్నా."

"అక్కడికి పంపితే ఏటా పోతాను. ఇక్కడైతే ఒక్కసారే కదా."

ఆ ఏడు పదిహేనున్నర నిమిషాలు పట్టింది. వదిన రొప్పుతూ వచ్చి, "ఎంత మరిదీ?" అంది. "పద్నాలుగు" అన్నాను. ఆమె అరుగు మీద కూలబడి శిలువ గుర్తు వేసుకుంది. నా జీవితంలో వెయ్యి అబద్ధాలు చెప్పాను, ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. ఇది నమ్మింది. మరుసటి ఏడూ, ఆ పైయేడూ కూడా పద్నాలుగే అన్నాను.

పద్దెనిమిదో ఏడు సెప్టెంబరు రెండో వారంలో, మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా దక్షిణపు గాలి తిరిగి మబ్బు కమ్మింది. ఆరిన అంజూర మీద మొదటి వాన పడితే నెల కష్టం బూజుపాలు. వదిన ఒక్కతే తడికలు లోపలికి ఈడుస్తోంది. మోకాలు మడత పడి ఒకసారి పడింది, లేచింది, మళ్ళీ పడింది. కిటికీ వెనక నుంచి ఎంతసేపని చూస్తాడు. అన్న బయటికి వచ్చాడు.

"లోపలికి పో" అంది వదిన.

"వానలో కందిరీగలెక్కడివే" అని తడిక కింద చెయ్యి పెట్టి ఎత్తాడు.

వానకు అవన్నీ ఆ తడిక కిందే దాక్కున్నాయి.

వదిన కేక విని గడియారం చూసుకుని, నేను పక్కింటి నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి వదిన మెట్ల మీద ఉంది. వేసవంతా ఎండిన సున్నపురాయి మీద మొదటి వాన పడితే సబ్బు రాసినట్టు ఉంటుంది. రెండు చేతులూ మెట్లకు ఆనించి పాకుతున్నట్టు ఎక్కుతోంది. అన్నను చూరు కిందికి లాగి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. పద్దెనిమిదిసార్లు చావు నటించిన మనిషి ఈసారి ఏమీ చెయ్యలేదు. నా చొక్కా పట్టుకుని ఊపిరి కోసం చూశాడు, అంతే.

"ఎంతయింది?" అన్నాడు, మాట సరిగా రాక.

తొమ్మిది నిమిషాలయింది. "నాలుగు" అన్నాను.

పదిహేను దాటిన కాసేపటికి ఆ చెయ్యి వదులైంది. పద్దెనిమిదికి వాళ్ళు వచ్చారు. సిస్టరమ్మ అయినా సూది వేసింది. వదిన తడిసిన జుట్టుతో, గీరుకుపోయిన మోకాళ్ళతో నిలబడి ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఎంత పట్టింది మరిదీ?"

గడియారం నా చేతిలోనే ఉంది. నిజం చెబితే మొగుడిని తన మోకాలు చంపిందని నమ్ముతుంది. పదహారని సగం నిజం చెప్పినా అదే అనుకుంటుంది.

"పన్నెండు" అన్నాను.

సిస్టరమ్మ తలెత్తి నన్ను చూసింది. బడిలో చూసినట్టే చూసింది. తర్వాత సిరంజి పెట్టెలో పెడుతూ, "అవునమ్మా, మఠం గడియారం నేనూ చూసుకున్నాను. పన్నెండే" అంది.

వదిన అప్పుడు కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

అంత్యక్రియలకు డాక్టరుగారు స్టీమరులో వచ్చారు. ఆయనకు ఏటా వదిన ఒక పెట్టె అంజూర పంపేది. శ్మశానం గేటు దగ్గర ఆయన చెయ్యి చాచారు. వదిన తన చెయ్యి నల్లశాలువలోంచి బయటికి తియ్యలేదు.

"పావుగంట అన్నావు కదయ్యా. పన్నెండు నిమిషాలకే తీసుకొచ్చాను. నీ మాట నమ్మే ఆయన్ని ఇక్కడ ఉంచుకున్నా. పది అని ఉంటే ఎప్పుడో పంపేసేదాన్ని."

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పారు. "ఒక్కో ఒళ్ళు ఒక్కోలా ఉంటుందమ్మా" అన్నారు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు. "నాదే పొరపాటు" అన్నారు.

ఊరంతా విన్నది. నేనూ విన్నాను. కర్ర మీద చేతులు పెట్టుకుని నేల చూశాను.

ఆ వారమే ఒంటికాలితో మఠం మెట్లన్నీ ఎక్కాను. గేటు చువ్వల అవతల సిస్టరమ్మ నిలబడింది. వదినకు అంతా చెప్పేస్తానన్నాను.

"చెబితే నీ మనసు తేలికవుతుంది యాకొవ్. నువ్వు దించిన బరువు ఎవరి నెత్తికెక్కుతుందో చూసుకున్నావా?"

"మరి డాక్టరుగారి నెత్తి మీదున్నది?"

 ఆమె నడుముకు కట్టుకున్న తాళాలగుత్తిలో ఒక తాళం కోసం వెతికింది. అది దొరికాక కూడా వెతుకుతూనే ఉంది.

వదిన తర్వాత ఏడేళ్ళు బతికింది. అంజూర ఆరబెట్టింది, కందిరీగల జోలికి వెళ్ళలేదు. అవి చేతుల మీద పాకినా తోలేది కాదు. పరుగు సరిగ్గా పరుగెత్తానన్న నమ్మకంతో నిద్రపోయేది. ఆ నిద్ర నేను ఇచ్చిందే, కాదనను. కానీ స్ప్లిట్‌కు అంజూర పెట్టె మళ్ళీ పోలేదు. ఎవరైనా డాక్టరుగారి పేరెత్తితే గది వదిలి వెళ్ళిపోయేది. ఆమె బతుకంతా వెతికినా దొరికే అన్యాయం అదొక్కటే, అదీ నేను చేయించింది. మార్చి నెలలో, కందిరీగ అన్నది ఎక్కడా లేని రోజుల్లో, జ్వరంతో పోయింది. చివరి రోజు కూడా, "పన్నెండు నిమిషాలు మరిదీ, ఆ మోకాలితో" అంది. "అవును వదినా" అన్నాను.

ఆమె పోయాక ఇక ఎవరికీ దెబ్బ తగలదని, ఆ సెప్టెంబరులో స్టీమరెక్కి స్ప్లిట్‌కు వెళ్ళాను. డాక్టరుగారు రెండేళ్ళ కిందటే పోయారట. ఆయన భార్య తలుపు తీసింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోసింది. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. కలపకుండా కథ చెప్పడం నాకు అలవాటు లేక చాలాచోట్ల తడబడ్డాను.

 అంతా విన్నాక ఆమె అంది:

"ఆ తర్వాత ఆయన ఏ రోగికీ ఇంత సమయం అని చెప్పలేదండీ. అడిగితే, నాకు తెలియదమ్మా అనేవారు. మీ వదిన గురించి మాత్రం ఒక మాట అనేవారు. తప్పు తనదైతే ఆవిడ ఒప్పుకునే మనిషి, ఉత్తరం రాస్తుంది అని. ఏటా ఈ రోజుల్లో టపా కోసం చూసేవారు. రాలేదు కాబట్టి తప్పు తనదే అనుకున్నారు."

నేను కాఫీ కప్పు పక్కకు జరిపాను.

"అయితే ఎంత పట్టింది?" అంది ఆమె.

"పద్దెనిమిది" అన్నాను. ఆ అంకె నా నోట పైకి రావడం అదే మొదటిసారి.

ఆమె తనలో తాను "పద్దెనిమిది" అనుకుంది. లేచి నా కప్పు తీసి తొట్టిలో పెట్టి, నీళ్ళు వదిలి, నాకు వీపు చూపించి అలాగే నిలబడింది. నన్ను చూడకుండానే, "స్టీమరు ఎన్నింటికండీ మీకు?" అని అడిగింది.