పద్దెనిమిది నిండే దాకా

పత్తికొండ బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీ తింటూ మా చిన్నాయన కంట పడ్డాను. అప్పుడు నాది ఇంటర్ రెండో సంవత్సరం. బండి చుట్టూ నలుగురం ఆడపిల్లలం, ఒక అబ్బాయి. చిన్నాయన కంటికి ఆ అబ్బాయి ఒక్కడే కనిపించాడు.

నేను ఇల్లు చేరేసరికే కబురు చేరిపోయింది. నాయన ఏమీ అడగలేదు. చెంప మీద ఒకటిచ్చి తీర్పు చెప్పేశాడు: "రేపట్నుంచి కాలేజీ లేదు." ఎందుకని అడిగినందుకు ఇంకో రెండు పడ్డాయి. ఫోన్ లాక్కుని, వేరుశనగ బస్తాలు వేసే వెనక గదిలోకి నన్ను తోసి తాళం వేశాడు. ఇంటర్ తప్పి ఊరంతా బైకు మీద తిరిగే మా అన్నకు మాత్రం పెట్రోలు పోయిస్తూనే ఉన్నాడు. మా ఇంటి పరువుకు అన్న బైకు ఏ హానీ చేయదు. నా నోట్లో బజ్జీయే చేస్తుంది.

అమ్మ అన్నం పళ్లెం లోపల పెట్టి, "తప్పయిందని చెప్పు పాపా, అయిపోతాది," అనేది.

"ఏం తప్పు చేసినానమ్మా?"

ఆమెకూ తెలియదు. అది తెలియకపోయినా ఒప్పుకోవచ్చని ఆమె అనుభవం.

అంతకుముందు మా కాలేజీకి ఒక లాయరమ్మ వచ్చి, పద్దెనిమిది నిండే దాకా చట్టం లెక్కలో మీరు పిల్లలే, ఇంట్లో కొడితే పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి అని చెప్పింది. ఇంట్లో దెబ్బలకు కూడా చట్టమా అని మేమంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాం. గదిలో కూర్చున్నాక నవ్వు రాలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే అక్కను కిటికీలోంచి పిలిచి ఫోన్ అడిగాను.

"ఎవరికి చేస్తావమ్మా?"

"గౌర్మెంటుకు."

ఆమె భయం భయంగానే ఊచల మధ్య నుంచి ఫోన్ అందించింది. "నా పేరు మాత్రం చెప్పాకు తల్లీ."

మరునాడు హెల్ప్‌లైన్ వాళ్లు పంపిన ఒక మేడం, వెంట ఒక కానిస్టేబుల్ వచ్చారు. నాయన తాళం తీసి, వాళ్లకు కుర్చీలు వేయించి, ఒక గంపెడు టమాటాలు తెచ్చి ముందు పెట్టాడు. మేడం గంపను కాలితో పక్కకు జరిపింది.

"నా బిడ్డ మేడం. కొట్టుకుంటా, పెట్టుకుంటా. మధ్యలో మీకేం పని?" అన్నాడు నాయన.

"బిడ్డేలేప్పా. మరి తాళమెందుకేసినావు? ఎనుమునైనా పగలు బయట కట్టేస్తావే!"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఏం కావాలని మేడం నన్నడిగింది. కాలేజీకి పోవాలన్నాను. ఆమె నిట్టూర్చి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూడు పాపా, చదువు హక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకే. కాలేజీకి పంపమని మీ నాయన మీద కేసు పెట్టలేను." నాయన ముఖం వెలిగింది. ఆమె అతని వైపు తిరిగింది. "కొట్టి గదిలో వేసినందుకు మాత్రం పెట్టగలనప్పా. ఇప్పుడే పెట్టాల్నా, పాపను కాలేజీకి పంపుతావా?"

చట్టం నాకు చదువివ్వలేదు. మా నాయనకు భయమిచ్చింది. సోమవారం నేను బస్సెక్కాను. ఊళ్లో నా పేరు 'కేసుల పాప' అయింది. నీళ్లు ఇమ్మన్నా కేసు పెడుతుందేమోనని నవ్వేవాళ్లు. ఇంట్లో చెయ్యెత్తే మగవాళ్లు మాత్రం నా ముందు ఆ పరాచికం ఆడలేదు.

నాకు పద్దెనిమిది నిండిన వారానికే చిన్నాయన ఒక సంబంధం మోసుకొచ్చాడు. "ఇంక నువ్వు పిల్లవు కాదు. ఆ ఫోను పని చెయ్యదులే," అన్నాడు, చట్టమంతా చదివినవాడిలాగా.

"నిజమే చిన్నాయనా. ఇప్పుడు నేనే నేరుగా స్టేషనుకు పోవచ్చు."

మజ్జిగ తాగకుండానే లేచిపోయాడు. నాయన అరుగు మీదే కూర్చుని అంతా విన్నాడు. మేడం వచ్చిపోయినప్పటి నుంచీ అతను నాతో మాట్లాడటం మానేశాడు. ఏదున్నా అమ్మతోనే.

"డిగ్రీ యాడ చదువుతాదంట, అడుగు," అన్నాడు అమ్మతో. నేను పక్కనే ఉన్నాను.

"కడపలో," అన్నాను.

"కడపలో అంట," అంది అమ్మ.

నాయన గోడ వైపు చూస్తూ, "శానా దూరం," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.